బండి ఎంచినోడే ముందెక్కల్ల

టిప్పర్ కొనేవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని యూనిట్లు పడుతుంది?" యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు. ఇసుకైనా కంకరైనా మట్టైనా మా వైపు మాటంతా ఆ కొలతలోనే నడుస్తుంది. ఆ ప్రశ్న తప్పని నేననను. కానీ అది రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. ఈ బండి తిరగబడితే లోపల ఎవరుంటారు?

ముప్పై ఏళ్ళకు పైగా రోడ్డు పనుల్లో బండ్ల బాధ్యత చూశాను. చిత్తూరు కొండల పక్క క్వారీల నుంచి నాయుడుపేట హైవే దాకా నేను తిరగని గుంత లేదు, తినని దుమ్ము లేదు. ఏ పనికి ఎన్ని చక్రాల బండి కావాలి, దాని తొట్టి ఎట్లా ఉండాలి, వెనక ఇరుసుల్లో ఒకటి లాగితే చాలా, రెండూ లాగాలా, ఇవన్నీ తేల్చడమే నా ఉద్యోగం. ఈమధ్య డిప్లొమాలు, బీటెక్‌లు చదివి ఇదే పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి అడుగుతున్నారు, ఎట్లా ఎంచుకోవాలి సార్ అని. వాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు రాలేదు, ఎవరు అడ్డుపడ్డారు అనే సంగతులు ఇందులో ఉండవు. అవి చదివి ఎవరూ ఒక్క ట్రిప్పు మట్టి కూడా తోలలేరు.

నాయుడి పద్ధతి

నాకు పని నేర్పినవాడు చిత్తూరులో గోవిందస్వామి నాయుడని ఒక చిన్న కాంట్రాక్టరు. నోట్లో ఎప్పుడూ వక్కాకు ఉండేది. కోపమొస్తే తమిళంలో తిట్టేవాడు, ఇష్టమొస్తే తెలుగులో తిట్టేవాడు. ఆయన దగ్గర తిట్లు తినకుండా ఎవరూ పని నేర్చుకోలేదు. ఆయన కట్టుబడిన పద్ధతి ఒకటుండేది. కొత్త బండి వచ్చిందంటే, దాన్ని ఎవరు ఎంచారో వాళ్ళు మొదటి లోడుకు డ్రైవర్ పక్క సీట్లో కూర్చోవాలి. గుంతలో లోడెత్తిన దగ్గర నుంచి, తొట్టి లేపి కుమ్మరించిన దాకా దిగకూడదు.

"బండి ఎంచినోడే ముందెక్కల్ల," అనేవాడు. అంతే. దానికి వివరణ ఉండదు, మినహాయింపూ ఉండదు.

ఆయన సొంత అల్లుడే ఒకసారి దీనికి దొరికిపోయాడు. ఒక పల్లెలో బడి స్థలం మెరక చేయాలి, దానికి మట్టి తోలాలి. అల్లుడు పట్నంలో చదువుకున్నవాడు, పెద్ద బండి అయితే తక్కువ ట్రిప్పుల్లో పని అయిపోతుందని పొడవాటి బండిని ఎంచాడు. లెక్క సరైనదే. కానీ ఆ పల్లెలో సందు మలుపు తిరిగే చోట బండి ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. వెనక్కి తీస్తుంటే మునెమ్మ అనే ముసలామె స్నానాల గది గోడ కూలింది. ఆమె పరుగున వచ్చి బండి ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చుంది.

"నా గోడ లేసిందాకా నువ్వు దిగేదానికి లేదు నాయనా. దిగినావంటే ఊరంతా పిలుస్తా," అని లోపలున్న అల్లుడితో చెప్పింది.

అల్లుడు దిగలేదు. నాయుడికి కబురు పోయింది. ఆయన వచ్చి, ముసలామెకు దండం పెట్టి, మేస్త్రీని పిలిపించి గోడ పని మొదలుపెట్టించాడు. అల్లుడి వైపు తలెత్తి, "ఏమల్లుడా, బండి పొడుగెంతో ఇప్పుడు తెలిసిందా?" అని అడిగి తన దారిన తాను పోయాడు. గోడ లేచేదాకా అల్లుడు క్యాబిన్లోనే ఉన్నాడు. మునెమ్మే ఆయనకు మజ్జిగ అందించింది. ఆ తర్వాత ఆ అల్లుడు దారి చూడకుండా ఏ బండీ కొనలేదు. ఇప్పటికీ కలిస్తే నవ్వుకుంటాం.

నవ్వుకునే సంగతే అయినా, నాయుడి పద్ధతి వేళాకోళం కాదని నాకు మెల్లగా తెలిసింది. ఆఫీసులో కూర్చుని ఎంచేవాడికి బండి అంటే చక్రాలు, టన్నులు, అశ్వశక్తి. లోపల కూర్చున్నవాడికి బండి అంటే తన వీపు వెనక లేస్తున్న బరువు. ఆ రెండిటినీ ఒకే మనిషి అనుభవించాలని ఆయన ఉద్దేశం. నేను వేరే కంపెనీలోకి మారినా ఈ పద్ధతిని వెంట తీసుకుపోయాను. ఎంచిన ప్రతి బండీ ఎక్కాను. ఎక్కనన్నవాళ్ళతో గొడవ పడ్డాను కూడా.

గ్రావెల్ అనే మాట

మా తిరుపతి, చిత్తూరు వైపు గ్రావెల్ అంటే ఎవరికీ రాయి గుర్తుకు రాదు. గుట్టల కింద తవ్వి తీసే ఎర్రమట్టి, సన్న గులకలతో కలిసి గట్టిగా అణిగే మట్టి, అదే మాకు గ్రావెల్. రోడ్డు కట్టలకూ ఇళ్ళ పునాదుల మెరకకూ అదే పోస్తారు. రాయి కొట్టింది అయితే కంకర, సన్నది చిప్స్, పొడి డస్ట్. చిన్న పిల్లాడిని అడిగినా ఈ తేడా చెబుతాడు. కానీ ఇంగ్లీషు పుస్తకంలో గ్రావెల్ అంటే గులకరాయి. ఈ ఒక్క మాట దగ్గర ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది.

ఏర్పేడు దాటాక నాయుడుపేట వైపు ఒక రోడ్డు కట్టను ఎత్తు చేసే పని మా కంపెనీకి వచ్చింది. నేనప్పుడు చిత్తూరు పక్క వేరే పనిలో ఉన్నాను. ఇక్కడి ఇంజనీర్లు హెడ్డాఫీసుకు 'గ్రావెల్ తోలడానికి టిప్పర్లు కావాలి' అని రాశారు. అక్కడ కొనే బాధ్యత రఘురాం గారిది. తెలుగువాడే, కానీ సర్వీసంతా ఉత్తరాది రాతి క్వారీల్లో గడిపాడు. ఆయనకు గ్రావెల్ అంటే రాయి. రాయికి తగ్గ బండ్లే కొన్నాడు. పన్నెండు చక్రాలు, పొడవాటి చట్రం, నిటారు గోడలతో ఎత్తైన పెట్టెలాంటి తొట్టి. అడిగినవాళ్ళు నిజమే రాశారు, కొన్నాయన నిజమే చదివాడు. బండి మాత్రం తప్పు వచ్చింది.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. కంకర తోలడానికైతే అంతకన్నా మంచి బండి లేదు. నేనైనా అదే కొనేవాణ్ణి. కంకర తొట్టి కొద్దిగా లేవగానే గలగలమని జారిపోతుంది. ఎర్రమట్టి అట్లా కాదు. ఎండినప్పుడు అదీ జారుతుంది. తడిసిందంటే సంగటి చట్టికి అంటుకున్నట్టు తొట్టికి అంటుకుంటుంది, ముఖ్యంగా ముందు మూలల్లో. తొట్టి కిందుండే జాకీ దాన్ని పైకి లేపుతుంది. వెనక సగం మట్టి పడిపోతుంది. ముందు సగం అంటుకున్న చోటే ఉండి, తొట్టితోపాటు ఆకాశంలోకి లేస్తుంది. తొట్టి ఎంత పొడవైతే ఆ బరువు అంత ఎత్తుకు పోతుంది. అప్పుడు కింద కొత్తగా పోసిన మెత్తటి కట్ట మీద ఒక పక్క చక్రం కాస్త దిగిందా, బండి పక్కకు వాలుతుంది. వాలినదాన్ని ఆపే శక్తి డ్రైవర్‌కు లేదు.

నన్ను ఈ పనికి మార్చేసరికి బండ్లు రేణిగుంట యార్డులో బారుగా నిలబడి ఉన్నాయి. రఘురాం గారే సైటుకు పెద్ద అధికారిగా వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి ఆయన దగ్గరికి పోయాను.

"సార్, తొట్లు కోయించల్ల. గోడలు తగ్గించల్ల, ముందు మూలలు మూసెయ్యల్ల," అన్నాను.

ఆయన నవ్వాడు. "కొత్త బండి తొట్టిని కోయిస్తారా రెడ్డెప్ప గారూ? పీటల మీది పెళ్ళికొడుక్కి గుండు గీయించినట్టుంటుంది."

"ఇది కంకర తోలే బండి సార్. మనం తోలేది మట్టి గదా."

"అడిగింది గ్రావెల్ అనే కదా?"

"మాకు గ్రావెల్ అంటే మట్టే సార్."

"మీకు ఏదైతేనేం, బరువు బరువే. చూద్దాం, నడవనివ్వండి," అన్నాడు.

నడిచాయి. ఎండాకాలమంతా అద్భుతంగా నడిచాయి. మట్టి పొడిపొడిగా ఉండి ఎత్తీ ఎత్తకముందే జారిపోయేది. పని అనుకున్నదానికన్నా ముందుంది. రఘురాం గారు నేను ఎదురైనప్పుడల్లా, "మీ మట్టి నా రాయిలాగే జారుతోందే!" అని ఆటపట్టించేవాడు. నేను వానలు రానీండి సార్ అనేవాణ్ణి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయ్యింది. సైట్లో నాకు అపశకునం రెడ్డెప్ప అని పేరు కూడా పెట్టారు.

డ్రైవర్లూ ఆ బండ్లను ఇష్టపడ్డారు. అందరికన్నా ఎక్కువ ఇష్టపడినవాడు ఖాదర్. రేణిగుంట వాడు, వాళ్ళ నాయన లారీలకు చెక్క తొట్లు కట్టే వడ్రంగి. ఖాదర్‌కు కట్టడం కాదు, తోలడం కావాలి. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు, కోపమొస్తే రెండూ. అద్దానికి నల్లదారం కట్టి, రోజూ పొద్దున్నే బండిని కడిగి మరీ బయటికి తీసేవాడు.

"అన్నా, ఇది బండి గాదు, పల్లకీ," అన్నాడు నాతో.

"వానలు పడినాక చెప్పు," అన్నాను.

"నీకేమన్నా, ఎప్పుడూ వానలే కనపడతాయి," అని నవ్వుతూ పోయాడు.

ముసురు

కార్తీకంలో సముద్రం వైపు నుంచి ముసురు పట్టింది. రోజూ ఆగి ఆగి కురిసేది. గుంతలో మట్టి రక్తంలాగా ఎర్రగా కారింది. కట్ట పని ఆ నెలలో ఒక మెట్టుకు రావాలని పైనుంచి ఒత్తిడి ఉంది. రఘురాం గారికి రోజూ ఫోన్లు. వాన ఎడమివ్వగానే బండ్లు కదలాలన్నాడు.

తడిమట్టి తొట్టిలో ఇరుక్కుంటే డ్రైవర్లకు రెండు చిట్కాలున్నాయి. తొట్టి లేపే ఉంచి బండిని ముందుకు ఉరికించి ఒక్కసారి బ్రేకు కొట్టడం ఒకటి. పక్కన నిలబడి గడ్డపారతో పొడవడం ఇంకొకటి. రెండూ చావుకు దగ్గరి దారులు. నేను రెండూ వద్దని గట్టిగా చెప్పి ఉన్నాను. ఖాదర్ ఆ రెండూ చేయలేదు. కట్ట మీద వెనక్కి తీసి, బండి ఆపి, పద్ధతి ప్రకారమే జాకీ లేపాడు.

నేను రోడ్డు రోలర్ పక్కన నిలబడి చూస్తున్నాను. వెనక మట్టి పడింది. ముందుది కదల్లేదు. తొట్టి లేస్తూనే ఉంది. ఎడమ పక్క వెనక చక్రాలు మెల్లగా దిగబడడం నాకు కనిపించింది. నేను అరిచాను. ఆ ఇంజన్ మోతలో అతనికి వినబడే అవకాశం లేదు. బండి మొత్తం ఎడమకు ఒరిగింది. కుడి పక్క చక్రాల కింద సందులోంచి అవతలి గట్టు కనిపించింది. ఖాదర్‌కు సీట్లోనే తెలిసింది. జాకీ దించాడు. దించడానికి పట్టిన సమయమంతా బండి పడనూ లేదు, నిలబడనూ లేదు. చివరికి దబ్బుమని చక్రాలు నేలకు తగిలాయి.

ఖాదర్ దిగి బురదలోనే కూర్చుండిపోయాడు. నేను పోయి భుజం పట్టుకున్నాను.

"ఇంగ నేను దీన్ని ఎక్కనన్నా. నన్ను పని తీసేసినా సరే. ఇంట్లో పిల్లోళ్ళుండారు," అన్నాడు.

"ఎక్కద్దులే," అన్నాను.

రఘురాం గారికి సంగతి చెప్పాను. ఆయన కిటికీలోంచి వానను చూస్తూ విన్నాడు. "పడలేదు కదా. అతను భయపడ్డాడు. భయపడ్డవాడిని పక్కన పెట్టి ఇంకొకరిని ఎక్కించండి. పని ఆగడానికి వీల్లేదు," అన్నాడు.

ఆయన దుర్మార్గుడై అనలేదు. ఒరిగిన బండిని ఆయన చూడలేదు, అంతే. చూడనివాడికి చెబితే అది మాటగానే ఉంటుంది.

నేను యార్డుకు పోయి బండ్ల తాళాలన్నీ తీసి నా అన్నం క్యారియర్ సంచిలో వేసుకున్నాను. సంచి భుజానికి తగిలించుకుని మళ్ళీ ఆయన గదికి వచ్చాను.

"తాళాలన్నీ నా కాడ ఉండాయి సార్. తొట్లు కోసిందాకా మట్టికి ఒక్క బండీ పోదు."

"ఉద్యోగం మీద ఆశ లేదా మీకు?"

"ఉండాది సార్. అందుకే ఇయ్యను. బండ్లు సూసుకునేదే గదా నా ఉద్యోగం."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రోజు నాకు అంత బలమేమీ అనిపించలేదు. కూతురి కాలేజీ ఫీజు గుర్తొచ్చింది. కానీ కట్ట మీద ఖాదర్ కూర్చున్న తీరు కళ్ళ ముందే ఉంది. ఇంకొకడిని అట్లా కూర్చోబెట్టలేను. కూర్చోవడానికి వాడు మిగులుతాడని కూడా నమ్మకం లేదు.

అప్పుడు నాయుడి మాట చెప్పాను. "మా పాత ముదలాళి ఒక పద్ధతి పెట్టినాడు సార్. బండి ఎంచినోడే ముందెక్కల్ల అని. ఇవి మీరెంచిన బండ్లు. మీరింకా ఒక్కటీ ఎక్కలేదు."

ఇక గెంటేస్తాడనే అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే, పదండి," అని లేచాడు.

నేను ఆ మనిషిని తక్కువ అంచనా వేశాను.

పక్క సీటు

ఎవరినైనా భయపెట్టడానికి ప్రాణం పణం పెట్టకూడదు. అందుకని కట్ట మీద వద్దన్నాను. రోలర్ ఎన్నోసార్లు తొక్కిన గట్టి నేల, చదునైన చోటు చూశాను. తొట్టిలో సగం లోడే వేయించాను. నేను ఎదురుగా నిలబడతాను, నా చేయి కిందికి దిగితే జాకీ కూడా దిగాలి. ఇదీ ఏర్పాటు. తోలేవాడు ఎవరని చూస్తుంటే ఖాదర్ బురద బట్టలతోనే ముందుకొచ్చాడు.

"ఎక్కనన్నావు గదప్పా," అన్నాను.

"సారు ఎక్కుతాడంట గదన్నా. అట్లయితే నేనే తోలతా. వేరేవాడు ఏమారితే మళ్ళీ నాకు నిద్ర పట్టదు," అన్నాడు.

రఘురాం గారు ఎడమ సీట్లో కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు. తొట్టి లేచింది. సగం లోడు కదా, మొత్తం ముందు భాగానికే కరుచుకుని ఉంది, ఒక్క ముద్ద కూడా పడలేదు. తొట్టి నిటారుగా లేచాక ఇంజన్ అదురుకు బండి అటూ ఇటూ ఊగడం కింద నిలబడ్డ నాకే కనిపించింది. రఘురాం గారు ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. నేను చేయి దించబోతుండగా మట్టి ముద్ద మొత్తం ఒక్కసారిగా ఊడి వెనక తలుపుకు కొట్టుకుంది. ఆ దెబ్బకు ముందు చక్రాలు నేల విడిచి లేచి పడ్డాయి.

ఆయన దిగాడు. దిగాక కూడా తలుపు పిడిని కాసేపు వదల్లేదు.

"ఇది చదునైన నేల," అన్నాడు.

"ఔను సార్."

"గట్టి నేల. సగం లోడు."

"ఔను సార్."

"ఆ కట్ట మీద?"

"కట్ట మీద ఖాదర్ ఒక్కడే ఉంటాడు సార్."

ఆయన ఖాదర్ వైపు చూశాడు. తర్వాత నాతో, "తొట్లు కోయించండి," అన్నాడు. ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, ఎంపికలో తప్పు తనదేనని నా ముందే చెప్పాడు. ఇంకెవరి పేరూ ఎత్తలేదు. నా సర్వీసులో మెత్తగా మాట్లాడే పెద్దలు చాలామంది దొరికారు, అవసరానికి ఒక్కరూ నిలబడలేదు. పొద్దున నన్ను తీసేయబోయిన రఘురాం గారు సాయంత్రం నిలబడ్డాడు. నా లెక్కలో మంచి పెద్ద అంటే ఆయనే.

ఆ తర్వాత చేసింది చిన్న పనే. బండ్లలో కొన్నింటిని మట్టి పని నుంచి తీసి, తారు రోడ్డు మీద క్రషర్ నుంచి కంకర తోలడానికి పంపాం. అక్కడ అవి నిజంగానే పల్లకీల్లాగా నడిచాయి. మిగిలినవాటికి గోడలు తగ్గించి, ముందు మూలలకు ఏటవాలుగా రేకులు వేయించి, అడుగున నున్నటి రేకు పరిపించాం. రేణిగుంటలో ఆ పని చేసినవాడు ప్రతి బండికీ ఒక పక్క కోసి, ఇంకో పక్క రేపంటూ తిరుపతి క్షవరం మొదలుపెట్టాడు. నేను వాడి షెడ్డులోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, పని అయ్యేదాకా లేవలేదు. కట్ట మీదికి మాత్రం పొట్టి బండ్లను తెప్పించాం. పది చక్రాలు, గుండ్రటి అడుగు ఉన్న తొట్టి, వెనక ఇరుసులు రెండూ లాగేవి. ఒక్కో ట్రిప్పుకు మట్టి తక్కువే. కానీ బురద గుంతలోంచి ఎవరూ తోయకుండా పైకొస్తాయి, ఇరుకులో తిరుగుతాయి, లేపితే ఖాళీ అవుతాయి. పని ఆలస్యమైంది. కట్ట మాత్రం అయ్యింది, ఎవరి ఇంట్లోనూ ఏడుపు లేకుండా అయ్యింది.

కొత్తగా వచ్చేవాళ్ళకు

బండి పుస్తకం చూసి బండిని ఎంచడం నేల విడిచి సాము చేయడమే. ముందు తోలబోయే సరుకు దగ్గరికి పోండి. దాన్ని అక్కడివాళ్ళు ఏమంటారో అడగండి, తర్వాత చేత్తో పట్టుకోండి. నీళ్ళు పోసి పిసకండి. చేతికి అంటుకుంటే తొట్టికీ అంటుకుంటుంది. లోడెత్తే చోటు ఒక్కటే చూసి వచ్చేసేవాళ్ళు ఎక్కువ. నన్నడిగితే కుమ్మరించే చోటు ఇంకా ముఖ్యం, ఎందుకంటే బండ్లు తిరగబడేది అక్కడే. ఎండాకాలంలో చూసిన దారిని వానాకాలంలో ఇంకోసారి చూడండి.

తారు రోడ్డు మీద దూరం పోవాలంటే పన్నెండు చక్రాలు, అంతకన్నా పెద్దవీ బాగుంటాయి. గుంత, బురద, ఇరుకు మలుపు ఉన్న చోట పొట్టిదే గట్టిది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. తొట్టి గోడల పైన చెక్కలు కట్టి ఇంకాస్త నింపమనే యజమాని ఎదురైతే, ఆ చెక్కలు పీకించండి. అప్పుడాయన మొహం చిట్లిస్తాడు, చిట్లించనివ్వండి. చక్రాల మీది కమాను పట్టీలు విరిగేదీ, బ్రేకులు పట్టకపోయేదీ ఆ చెక్కల వల్లే.

డ్రైవర్ చెప్పిందంతా వేదం కాదు. ఖాదరే దాన్ని పల్లకీ అన్నాడు. కానీ డ్రైవర్ ఎక్కనన్నాడంటే మాత్రం, ఆ రోజుకు ఆ బండి ఆగాలి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

పొట్టి బండి

నేను రిటైరయ్యాక మోకాలికి ఆపరేషన్ అయ్యింది. లారీ చప్పుడు వినబడితే కిటికీలోంచి చూడడం తప్ప పనేమీ లేదు. ఆ రోజుల్లో ఖాదర్ ఇంటికొచ్చాడు. ఎన్నో ఏళ్ళు ఒకరి బండి తోలాక సొంత బండి కొనుక్కుంటున్నాడు. రేణిగుంట చుట్టూ లేస్తున్న గోడౌన్ల స్థలాలకు ఎర్రమట్టి తోలే పని మాట్లాడుకున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టాడు. ఈ బండి నిలబడితేనే ఇల్లు నిలబడుతుంది.

"బామ్మర్దులందరూ పన్నెండు టైర్లది కొనమంటా ఉండారన్నా. ఊర్లో నలుగురు సూస్తే బాగుండల్ల గదా అంటారు. నువ్వేమంటావు?"

"వాపు సూసి బలుపనుకుంటా ఉండారు వాళ్ళు. పద, ముందు ఆడికి పోదాం," అన్నాను.

ఆటోలో పోయి మట్టి తీసే గుంత చూశాం, కుమ్మరించే స్థలాలు చూశాం. కర్ర పట్టుకుని నడిచి, మడమతో నేలను తొక్కి చూశాను. అంతా పాత చేలే, పైన గట్టి, కింద మెత్తన. పది చక్రాల పొట్టి బండి చెప్పాను. గుండ్రటి అడుగు, తక్కువ గోడలు, జాకీ ముందు వైపు. బామ్మర్దులు మొహం మాడ్చుకున్నారు. బండి వచ్చాక వీధిలో ఒకాయన, "ఇదేందప్పా, పొట్టోడి మాదిరి ఉండాది!" అన్నాడట. ఖాదర్ పట్టించుకోకుండా బండి కడుక్కున్నాడని తెలిసి సంతోషించాను.

మొదటి లోడు రోజు మా గేటు ముందు హారన్ మోగింది. ముందురోజు నుంచీ సన్నగా వాన తూర వేస్తోంది. బయటికొస్తే ఎర్రమట్టి నిండుగా వేసుకుని పొట్టి బండి నిలబడి ఉంది. ఖాదర్ దిగి, ఎడమ పక్క తలుపు తెరిచాడు.

"ఏందప్పా ఖాదరూ?"

"ఎంచినోడే ముందెక్కల్ల గదన్నా."

మా ఆవిడ రాజమ్మ వెనకనుంచి వచ్చింది. "ఆయనకు మోకాలు కోసి కుట్టినారు గదప్పా. అంత ఎత్తు ఎట్ల ఎక్కుతాడు?"

"స్టూలు తెచ్చినానక్కా," అని క్యాబిన్లోంచి ప్లాస్టిక్ స్టూలు తీసి నేల మీద వేశాడు.

ఎక్కాను. నొప్పి పుట్టింది, పళ్ళు బిగబట్టాను. స్థలం దగ్గర ఖాదర్ బండిని వెనక్కి తీశాడు. చక్రాలు కొంచెం దిగి ఆగాయి. అతని చేయి జాకీ మీట మీద ఉంది. కదపలేదు. నా వైపు చూశాడు. అతని కళ్ళల్లో ఆ పాత కట్ట కనిపించింది నాకు.

నాకూ భయమేసింది. ముప్పై ఏళ్ళు ఇతరులకు చెప్పిన మాట, ఆ రోజు నా వీపు వెనకే ఉంది. తప్పు ఎంచి ఉంటే ఇద్దరం ఒకే పక్కకు పడతాం.

"ఎత్తేదాన్నా?" అన్నాడు.

"ఎత్తప్పా."

తొట్టి లేచింది. అద్దంలోకి చూశాను. ఒక క్షణం ఏమీ కదల్లేదు. తర్వాత వీపు వెనక సరసరమని చప్పుడు మొదలైంది. మట్టి ముందు నుంచి చివరిదాకా ఆగకుండా జారింది. బరువు దిగి కమానులు పైకి లేవడం సీట్లో తెలిసింది. బండి ఉన్న చోటే నిటారుగా ఉంది. ఖాదర్ జాకీ దించి, మొహం రెండు చేతులతో తుడుచుకుని, ఉర్దూలో మెల్లగా దేవుడికి చెప్పుకున్నాడు. నేను కళ్ళు తుడుచుకోలేదని అబద్ధం చెప్పను.

"ఇంటి కాడ దించేదాన్నా?" అని అడిగాడు కాసేపటికి.

దిగడానికి స్టూలు ఉందా అని చూస్తే లేదు. మా గేటు దగ్గరే మరిచిపోయి వచ్చాడు.

"స్టూలు ఆడనే ఉండాది గదా, యాడికీ పోదు. ముందు గుంతకు పోనీ," అన్నాను.

వాన పొద్దుగూకే దాకా ఆగలేదు. ఖాదర్ ట్రిప్పులూ ఆగలేదు. ప్రతి ట్రిప్పుకూ పక్క సీట్లో నేనే ఉన్నాను.